గుర్రం కదిలింది, ఎత్తు వెళ్లలేదు

పర్లాకిమిడి

నా బంగారు మనవలకు, మనవరాళ్లకు,

ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను గానీ, ముందు పెద్దదానికి చెప్పాలి. ఫోన్‌లో ఎత్తుకు మూడు రోజుల గడువుతో ఆడుతున్న చదరంగం ఆట పోయిందని మొన్న అన్నం కూడా తినకుండా పడుకున్నావు. "గుర్రాన్ని జరిపాను తాతయ్యా" అన్నావు. నువ్వు పడుకున్నాక ఫోన్ చూశాను. గడువుకు ముందు నువ్వు తీసిపెట్టుకున్న ఫొటోలో గుర్రం కొత్త గడిలోనే ఉంది. కింద ఒక టిక్కు గుర్తు, ఒక ఇంటూ గుర్తు ఉన్నాయి. టిక్కు నొక్కలేదమ్మా నువ్వు. నీ దృష్టిలో ఎత్తు వేసేశావు, అవతలివాళ్లకు మాత్రం అది చేరలేదు. మూడు రోజుల గడువు నీ వైపే కరిగిపోయింది.

ఇదే తప్పు నేనూ చేశాను, పోస్టుకార్డుల రోజుల్లో. పోలండ్‌లో ఒకాయనతో, కార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ చదరంగం ఆడేవాణ్ణి. ఆయన భాష నాకు రాదు, నా తెలుగు ఆయనకు రాదు. అందుకే నిలువు వరసలకూ అడ్డ వరసలకూ 1 నుంచి 8 వరకు అంకెలుండేవి. 7163 అంటే ఏడో నిలువు వరస మొదటి గడిలోని గుర్రం ఆరో నిలువు వరస మూడో గడికి వెళ్లిందని అర్థం. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా చదువుకునే మీకు ఆ సుఖం బాగా తెలుస్తుంది. 10 ఎత్తులకు 30 రోజులు. కార్డు ప్రయాణంలో ఉన్న రోజులు లెక్కలోకి రావు. కార్డు ఎప్పుడు అందింది, జవాబు ఎప్పుడు పంపాం అన్న తేదీలు రాసేవాళ్లం. ఒకసారి ఎత్తు రాసి, తేదీ వేసి, కార్డును పంచాంగంలో పెట్టి మరిచిపోయాను. ఆయన ఆలోచిస్తున్నాడని నేను, నేను ఆలోచిస్తున్నానని ఆయన. నెలన్నరకు ఆయన గుర్తుచేస్తూ ఇంకో కార్డు రాస్తే గానీ నాకు తెలియలేదు.

అప్పుడు మాకు లేనివే ఇప్పుడు మీ ఆటల పట్టీలో కనిపించే ఆ చిన్న గుర్తులు. బొమ్మలు యాప్‌ను బట్టి మారతాయి. అవి చెప్పే సంగతులు మాత్రం కొన్నే: నీ వంతు, అవతలివాళ్ల వంతు, గడువు దగ్గరపడింది, డ్రా అడిగారు, ఆట అయిపోయింది. మొదటి రెండింటినీ మూడోదానితో కలపకండి. వంతు ఎవరిదన్నది ఒక సంగతి, ఎంత తొందరన్నది వేరే సంగతి. లీచెస్ అనే చదరంగం యాప్‌లో ఎత్తుకు 1 రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. 14 రోజులున్న ఆటలో "నీ వంతు" అని కనిపించగానే టెన్షన్ పడి తోచింది ఆడేయక్కర్లేదు.

చిన్నోడా, నీకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి కదా. అది నీ తప్పు కాదు, కొందరు మగపిల్లల్లో పుట్టుకతో వచ్చేదే. రంగు ఒక్కదానితోనే సంగతి చెప్పకూడదని 2008 నాటి వెబ్ ప్రమాణాల్లోనే ఉంది. అందుకని రంగు చూడకు, ఆకారం చూడు. ఆకారం మారకుండా రంగు మాత్రమే మారే యాప్ అయితే అక్కతో చెప్పి వేరేది పెట్టించుకో.

ఇక మీదట టిక్కు నొక్కాక వెంటనే ఫోన్ పక్కన పెట్టకండి. పట్టీలోకి వెళ్లి, ఆ ఆట "అవతలివాళ్ల వంతు" కిందకి మారిందో లేదో ఒక్కసారి చూడండి. పంచాంగంలో ఉండిపోయిన ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. దసరాకి వచ్చినప్పుడు చూపిస్తాను.

మీ తాతయ్య