ఐదో తరగతి పరీక్ష వెనుక యాభై ఏళ్లు

ఏటా చలికాలంలో ఒక పొద్దున హైస్కూళ్ల గేట్ల ముందు పదేళ్ల పిల్లలు పరీక్ష అట్టలు పట్టుకుని బారులు తీరతారు. కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టల్ బడులు నవోదయాల్లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష అది. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకి, మిగతా సగం లెక్కలకూ భాషకూ. జిల్లా విద్యాలయంలో ఉండేవి 80 సీట్లు. ఐదో తరగతిలో ఒక్కసారి రాయాలి, రెండోసారి రాసే వీల్లేదు. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు కూర్చునే పిల్లలు ఇంకా చిన్నవాళ్లు, అప్పటికి నాలుగో తరగతే చదువుతుంటారు.

చురుకైన పిల్లలకు ఏం చేయాలన్న ప్రశ్నకు మన ప్రభుత్వాలు అర్ధ శతాబ్దంగా ఇస్తున్న జవాబు ఇదే. పరీక్ష పెట్టి ఏరుతారు, ఏరినవాళ్లను మరో బడికి తీసుకెళ్తారు. ఉన్న బడిలోనే, ఉన్న టీచరు దగ్గరే ఆ పిల్ల ఆకలికి తగ్గట్టు ఇంకాస్త వడ్డించడం రెండో దారి. ఎన్‌రిచ్‌మెంట్ అనేది దీన్నే. ఈ రెండో దారి మనకు కొత్తేమీ కాదు. మధ్యలో ఎక్కడో వదిలేసి వచ్చాం.

వీధిబడినే తీసుకోండి. అరుగు మీద అయ్యవారు ఒక్కరే, పిల్లలు రకరకాల వయసులవాళ్లు. ముందున్నవాడు ఇసుకలో అక్షరాలు దిద్దించి వెనకున్నవాడికి నేర్పేవాడు. నేర్పుతూ తన చదువును గట్టిపరచుకునేవాడు. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి నివేదిక రాస్తూ ఈ పద్ధతిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని అనాథాశ్రమ బడిలో ఈ పద్ధతిని అమలు చేసి, దాన్ని ఇంగ్లండుకు తీసుకెళ్లి ‘మద్రాసు పద్ధతి’ అని ప్రచారం చేశాడు. వీధిబడిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ అరుగు మీద దళితుల పిల్లలకు చోటు లేదు, ఆడపిల్లలు కనిపించేదే అరుదు. అయితే అక్కడ కూర్చున్న పిల్లల్లో ముందున్నవాణ్ని బయటికి పంపకుండా, వాడి తెలివిని బడికే పనికొచ్చేలా మలిచారు.

మెంటల్ ఎబిలిటీ పేపరు వంశవృక్షం వేరు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడార్ సైమన్ కలిసి తయారుచేసిన పరీక్ష దానికి మూలం. చదువులో వెనకబడిన పిల్లలను గుర్తించి వాళ్లకు సాయం అందించాలన్నదే బినే ఉద్దేశం. 1916లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని తిరగరాసి, ముందున్నవాళ్లను ఏరే పనికి మళ్లించాడు. 1921 నుంచి కాలిఫోర్నియాలో 1500 మందికి పైగా పిల్లలను ఎంచుకుని దశాబ్దాల తరబడి వాళ్లనే గమనిస్తూ పోయాడు. ఆ వడపోతలో స్కోరు చాలక ఇద్దరు కుర్రాళ్లు బయట ఉండిపోయారు. వాళ్లు విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్. ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. టెర్మన్ ఎంచుకున్నవాళ్లలో మాత్రం ఒక్కరికీ నోబెల్ రాలేదు. పదేళ్ల పిల్ల మీద ‘ప్రతిభ ఉంది’, ‘లేదు’ అని ముద్ర వేసే ప్రతి పరీక్ష దగ్గరా ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

మన దగ్గర కథ సర్వేల్‌లో మొదలవుతుంది. 1971 సెప్టెంబరు చివర్లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు తిరగకుండానే, నవంబరు 23న, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల తెరిచారు. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. హాస్టల్ ఉన్న మంచి బడి అంటే డబ్బున్నవాళ్లదే అనుకునే కాలం. పల్లెటూరి పేదింటి పిల్లకు తిండి, బట్ట, పడక ఇచ్చి, టీచరును అక్కడే ఉంచి చదివిస్తే ఏమవుతుందో చూద్దామన్న ఆలోచన అది. మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పదో తరగతి ర్యాంకులు అనగానే పేపర్లలో ఈ మూడు పేర్లే కనిపించిన రోజులను ఆ తరంవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డలు అక్కడ చదువుకుని డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టర్లు అయ్యారు. ఆ మేలును తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

1985లో అదే పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. ఆ విద్యాసంవత్సరంలోనే హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో ప్రయోగాత్మకంగా రెండు నవోదయ విద్యాలయాలు తెరిచారు. 1986 జాతీయ విద్యావిధానం దాన్ని దేశమంతటికీ పరిచింది. నాలుగింట మూడు వంతుల సీట్లు పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. చుట్టుపక్కల బడులకు ఇవి దారి చూపించాలని, వాటినీ తమతో పాటు నడిపించాలని ఆ విధానం ఆశించింది. నా మటుకు ఆ పత్రంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. ఆచరణలో అన్నిటికన్నా తక్కువగా కనిపించేదీ అదే. నవోదయకు ఎంపికైన పిల్ల వెళ్లిపోయాక ఆమె చదివిన ప్రాథమిక పాఠశాలకు తిరిగి ఏం దక్కిందని ఎవరైనా లెక్క తీశారా?

ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. 1990లో ఆచార్య రామమూర్తి కమిటీ నవోదయాల అవసరాన్నే ప్రశ్నించింది. అందరికీ సమానమైన చదువు ఇస్తామంటూ కొందరికి వేరే బడి ఎందుకన్నది అప్పటి వాదన సారం. తర్వాత సమీక్షకు వేసిన కమిటీకి అప్పటి మన ముఖ్యమంత్రి ఎన్. జనార్దనరెడ్డే అధ్యక్షులు. ఆ సమీక్ష తర్వాత 1992లో సవరించిన విద్యావిధానంలో నవోదయాలు నిలిచాయి. అప్పటికి పి.వి. ప్రధానమంత్రి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలను వడపోయకూడదంది. అదే చట్టం నవోదయాలను ‘నిర్దిష్ట వర్గం’ బడుల్లో, అంటే ప్రత్యేక స్వభావం ఉన్న బడుల్లో చేర్చింది. పరీక్ష మాత్రం ఆగలేదు.

పరీక్ష ఉన్నచోటికి కోచింగ్ నడిచి వస్తుంది. ‘నవోదయ కోచింగ్’, ‘గురుకులం కోచింగ్’ బోర్డులు ఇవాళ మండల కేంద్రాల్లో కూడా కనిపిస్తాయి. మూడో తరగతి నుంచే పిల్లలు సాయంత్రాలు అద్దంలో బొమ్మ ఎలా కనబడుతుందో, వరుసలో తర్వాతి ఆకారం ఏదో బట్టీ పట్టినట్టు సాధన చేస్తుంటారు. పుట్టుకతో వచ్చే చురుకును పట్టుకోవడానికి పెట్టిన పేపరుకు నేర్పించి తయారుచేయవచ్చని తల్లిదండ్రులు కనిపెట్టేశారు. వాళ్లను తప్పుపట్టలేను. ఊళ్లో ఉన్నది ఒక్క తలుపే అయితే అందరూ దాన్నే తోస్తారు. ప్రైవేటులో ఇదే ఏరివేత ‘ఒలింపియాడ్ సెక్షన్’, ‘ఐఐటీ ఫౌండేషన్’ పేర్లతో బడి లోపలే జరుగుతుంది. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు దించిన పిల్ల ఆ రోజు ఇంటికి ఎలాంటి ముఖంతో వస్తుందో చూసినవాళ్లకు తెలుసు.

ఏ పేపరూ పట్టుకోలేని ప్రతిభ ఒకటి మన కళ్లముందే బయటపడింది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరు ఆమెది, చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. బడివాళ్లు పిల్లలను భువనగిరి కొండ దగ్గరికి తీసుకెళ్లి తాళ్లు కట్టి ఎక్కించకపోతే ఆ శక్తి ఉందని ఆమెకే తెలిసేది కాదు. ఇక్కడ ముందు అవకాశం ఇచ్చారు, ప్రతిభ తర్వాత కనిపించింది. ఎన్‌రిచ్‌మెంట్ చేసే పని సరిగ్గా ఇదే. 1970ల్లో అమెరికాలో జోసెఫ్ రెంజులీ టెర్మన్ దారికి అడ్డుచెప్పి వాదించిందీ ఇదే. ముందు రకరకాల అనుభవాలు అందరికీ చూపించండి, ఆసక్తి పట్టుకున్నవాళ్లను ఇంకా లోతుకు తీసుకెళ్లండి, తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి అన్నాడు. ఒక్క స్కోరు కాదు, పని పట్టుదల, సృజన కూడా ప్రతిభలో భాగమన్నాడు.

అలాంటి పని మన నేల మీదా జరిగింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో బడి అయ్యాక వచ్చిన పిల్లలకు పాట, ఆట, బొమ్మలు, సైన్సు నేర్పారు. అక్కడ చేరడానికి మెంటల్ ఎబిలిటీ పేపరు రాయక్కర్లేదు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర గుడివంకలో, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల్లో ప్రయోగశాలలు పెట్టింది. వ్యానుల్లో సైన్సు పరికరాలు పల్లె బడులకు పంపింది. ఆసక్తి చూపిన పిల్లలకు శిక్షణ ఇచ్చి తోటి పిల్లలకు పాఠం చెప్పించింది. వీధిబడి అరుగు మళ్లీ కనిపించిందనిపిస్తుంది నాకు. 2010లో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ప్రతిభగల పిల్లల విద్య మీద ఒక ప్రాజెక్టు చేపట్టినప్పుడు, బెంగళూరులోని నియాస్ అనే పరిశోధన సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయంతో పాటు అగస్త్యకూ అందులో చోటిచ్చింది.

2020 జాతీయ విద్యావిధానం ఈ దారిని కాగితం మీదకు తెచ్చింది. ఆసక్తి ఉన్న పిల్లకు టీచరు తరగతిలోనే అదనపు సామగ్రి ఇవ్వాలి. బడిలో, స్కూల్ కాంప్లెక్సులో, జిల్లాలో సబ్జెక్టు క్లబ్బులు నడపాలి. ప్రతిభగల పిల్లల విద్యలో బీఎడ్‌లోనే ప్రత్యేక శిక్షణకు వీలు కల్పించవచ్చు.

మంచి మాటలే. మరి ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) చదివేది బీఎడ్ కాదు, డీఎడ్ అనే డిప్లొమా. ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. అంటే ఆ ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు ఐదో తరగతి గదిలో అడుగుపెట్టరు. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశానికి 28 కొత్త నవోదయాలు మంజూరు చేస్తే తెలంగాణకు 7 వచ్చాయి, అంతకుముందు ఉన్నవి 9. సంతోషమే. ఆ ఏడు జిల్లాల్లో ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిచే బడిలో, లెక్క అందరికన్నా ముందే చేసేసి చేయెత్తిన పిల్లకు ఇవాళ్టికీ దొరికే పని ఒకటో తరగతి పిల్లలు అల్లరి చేయకుండా చూసుకోవడం.