"వాడు మంచిగనే పండుకుంటడు మేడం"

నిద్రలో ఊపిరి అడ్డుపడుతోందని డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనకాల ఉండే కండ) తీసే ఆపరేషన్ చేసే ముందు, రాత్రంతా పడుకోబెట్టి ఊపిరిని కొలిచే నిద్ర పరీక్ష పెట్టాలా, అక్కర్లేదా? వరంగల్, హనుమకొండ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ మళ్లీ లేచింది. పరీక్ష కావాలని తల్లులు పట్టుబడుతున్నారు. ముందు ఆపరేషన్ కానివ్వండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నది చాలామంది డాక్టర్ల మాట. డౌన్ సిండ్రోమ్ అంటే 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువగా ఉండి పుట్టడం. ఈ గొడవ అర్థం కావాలంటే 2006కు వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలోని సిన్సినాటి నుంచి ఒక అధ్యయనం వచ్చింది. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఉన్న 56 మంది డౌన్ సిండ్రోమ్ పిల్లలను రాత్రంతా పడుకోబెట్టి పరీక్షించారు. 57 శాతం మందికి నిద్రలో ఊపిరి అడ్డుపడుతున్నట్టు తేలింది. అసలు దెబ్బ ఈ అంకె కాదు. మా బిడ్డకు నిద్రలో ఏ ఇబ్బందీ లేదని 69 శాతం మంది తల్లిదండ్రులు చెప్పారు. అలా చెప్పినవాళ్ల పిల్లల్లోనే 54 శాతం మందికి పరీక్షలో తేడా కనిపించింది. ఇంట్లోవాళ్లను అడిగి తేల్చుకోవడం, బొమ్మా బొరుసా వేసి తేల్చుకోవడం దాదాపు ఒకటే అన్నమాట.

తల్లులు పట్టించుకోలేదని కాదు. ఈ పిల్లల ముఖం మధ్యభాగం చిన్నది, గొంతు దారి ఇరుకు, కండరాలు మెత్తన. కలలొచ్చే నిద్రలో ఆ కండరాలు ఇంకా వదులైపోతాయి. ఆ రకం నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ. అంటే ఊపిరికి బాగా కష్టమయ్యే వేళకు అమ్మ కూడా గాఢ నిద్రలో ఉంటుంది. పైగా కొందరిలో ఊపిరి పూర్తిగా ఆగదు. చాలాసేపు సగం సగమే ఆడుతుంది, గురక కూడా పెద్దగా వినిపించదు. కొందరు పిల్లలు కూర్చునే నిద్రపోతారు, లేదా నడుము దగ్గర ముందుకు మడతపడి కాళ్ల మీద తల పెట్టుకుంటారు. ఇంట్లో అది ముద్దుగా "వాని అలవాటు" అయిపోతుంది. గొంతు దారి తెరుచుకోవడానికి బిడ్డ తనంతట తాను వెతుక్కున్న ఉపాయం అదే కావచ్చని ఎవరూ చెప్పలేదు. పొద్దున కునికిపాట్లు పడితే అయినా అనుమానం వచ్చేది. పిల్లలు తూగరు, అల్లరి చేస్తారు. ఆ అల్లరిని డౌన్ సిండ్రోమ్ ఖాతాలో రాసేస్తారు.

లక్షణాలున్నా లేకున్నా ప్రతి డౌన్ సిండ్రోమ్ బిడ్డకూ నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష చేయాలని 2011లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది ఇందుకే. టాన్సిల్స్ ఆపరేషన్‌కు ముందు పరీక్షకు పంపాల్సిన పిల్లల్లో వీళ్లను అక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం చేర్చిందీ ఆ ఏడాదే.

సరిగ్గా రెండేళ్లకు, 2013లో, మన దగ్గర పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర పథకం మొదలైంది. అంగన్‌వాడీలకు, బడులకు తిరిగే బృందాలు 30 రకాల సమస్యలను వెతకాలి. ఆ జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. నిద్రలో ఊపిరి ఇబ్బంది లేదు. బిడ్డను గుర్తించే ఏర్పాటు వచ్చింది, అతని రాత్రి మాత్రం లెక్కలోకి రాలేదు. మిగిలింది ఓపీలో ఒకే ప్రశ్న: గురక పెడతాడా? దానికి ములుగు నుంచి వచ్చినా, జనగామ నుంచి వచ్చినా అమ్మ చెప్పే జవాబు ఈ కథనం పేరే.

డాక్టర్ల వాదనలో పస లేకపోలేదు. పిల్లలకు ఈ పరీక్ష చేసే చోట్లు తక్కువ, హైదరాబాద్ పోవాలి, తలకు, ముక్కుకు, ఛాతీకి తగిలించిన తీగలను బిడ్డ పీకేస్తాడు. టాన్సిల్స్ గొంతు నిండా ఉన్నప్పుడు ఎదురుచూడటం కూడా ప్రమాదమే. పరీక్ష దొరకని చోట రాత్రంతా వేలికి ఆక్సిజన్ కొలిచే పరికరం పెట్టి చూడొచ్చు. కానీ అది బాగుందన్నంత మాత్రాన సమస్య లేదని చెప్పలేం.

పరీక్ష చేయించినవాళ్లూ ఒకచోట మోసపోవచ్చు. పెద్దవాళ్లకు గంటకు ఐదుసార్లలోపు ఊపిరి ఆగితే నార్మల్. పిల్లలకు ఒక్కసారి దాటితేనే తేడా. పెద్దల లెక్కన పది సెకన్లు ఆగితేనే గుర్తిస్తారు, పిల్లల్లో రెండు శ్వాసల సేపు ఆగినా లెక్కే. పెద్దల కొలతతో చదివితే బిడ్డ రిపోర్టు మీద "నార్మల్" అని పడుతుంది, ఇంటికి పంపేస్తారు.

ఆపరేషన్ ముందా పరీక్ష ముందా అన్న గొడవలో ఆపరేషన్ తర్వాతి సంగతి మరుగున పడుతోంది. టాన్సిల్స్ తీసేసినా ఈ పిల్లల్లో చాలామందికి ఊపిరి ఇబ్బంది మిగిలే ఉంటుంది, గొంతు దారి ఇరుకు అలాగే ఉంటుంది కనుక. ముందు ఎంత ఉందో కొలవకపోతే తర్వాత ఎంత తగ్గిందో ఎలా చెప్తారని ఒక తల్లి అడిగింది. నేను చూసిన రెండు మూడు డిశ్చార్జి కాగితాల్లో మెత్తటి అన్నం పెట్టమని, కారం వద్దని రాసుంది. నిద్రను మళ్లీ ఎప్పుడు చూడాలో వాటిలో లేదు.