మేడ మీద వాన నీళ్లు యూజీడీలో కలపొద్దు: మురుగు పైపుల మీద అపోహలు - వాస్తవాలు

"వాన పడితే చాలు, బాత్రూంలోంచి నీళ్లు పైకి తంతున్నాయి సార్, యూజీడీ లైను సరిగ్గా వేయలేదు, ఒకసారి వచ్చి చూడండి." నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. యూజీడీ అంటే నేల కింద మురుగు పైపులు వేసే భూగర్భ డ్రైనేజీ. మురుగు పైపులు, వాన నీటి కాలువల సర్వే, డిజైన్ నా పని. ఈ మధ్య హైదరాబాద్‌లో మా రంగం వాళ్ల సదస్సు ఒకటి జరిగితే వెళ్లాను. టీ దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే ఒంగోలులో పనిచేసే ఇంజనీరుదీ అదే మాట, కాకినాడ నుంచి వచ్చినాయనదీ అదే మాట, తమిళనాడు తీరం నుంచి వచ్చిన వాళ్లదీ అదే మాట. వాన కాలంలో మురుగు పైపులు పొంగుతున్నాయి, జనం పైపులు చిన్నవని తిడుతున్నారు, అసలు కారణం ఎంత చెప్పినా ఎక్కడం లేదు. ఈసారి వానలు ముదరకముందే రాసి పెడదామని కూర్చున్నాను.

అపోహ: యూజీడీ వచ్చేసింది కదా, వాన నీళ్లు కూడా అందులోకి వదలొచ్చు.

వదలకూడదు. మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంచుకోండి.

మన ఊళ్లలో వేసే భూగర్భ డ్రైనేజీ మురుగు నీటికి మాత్రమే. వాన నీటికి రోడ్డు పక్క కాలువలు వేరే ఉన్నాయి. ఈ పనులకు దేశమంతా అనుసరించే మాన్యువల్స్ తయారు చేసే కేంద్ర సంస్థ సీపీహెచ్ఈఈవో, మురుగుకు 2013లో ఒక మాన్యువల్, వాన నీటికి 2019లో విడిగా ఇంకోటి ఇచ్చింది. లెక్కలు వేరు, పైపు సైజులు వేరు, చివరికి నీళ్లు వెళ్లి చేరే చోటు కూడా వేరు. మురుగు శుద్ధి కేంద్రానికి పోవాలి, వాన నీళ్లు కాలువకో చెరువుకో పెన్నా నదికో పోవాలి.

లెక్క చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు. 30 అంకణాల మేడ అంటే సుమారు 100 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి, తుపాను వేళ అదేం పెద్ద వింత కాదు. ఆ ఒక్క మేడ మీద పడేది 5000 లీటర్లు. ఇప్పుడు అదే ఇంట్లో నలుగురు ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని లెక్క వేస్తాం. అంటే ఇంటికి రోజుకు 432 లీటర్లు. ఆ ఇల్లు 11 రోజులకు పైగా వదిలే మురుగుకు సమానమైన నీళ్లు ఒక్క గంటలో పైపులోకి దూకుతాయన్నమాట.

ఇంకా స్పష్టంగా కావాలంటే వీధి లెక్క చూడండి. 40 ఇళ్ల వీధి, అందరూ పొద్దున్నే స్నానాలు, బట్టలు, గిన్నెలు అని ఒకేసారి నీళ్లు వదిలే సమయానికి సగటుకు మూడు రెట్లు వేసుకున్నా, ఆ వీధి మొత్తం మురుగు సెకనుకు 0.6 లీటరు దాటదు. మనం చెప్పుకున్న ఒక్క మేడ నుంచి వాన నీళ్లు సెకనుకు దాదాపు 1.4 లీటర్లు వస్తాయి. 40 ఇళ్ల మురుగు కంటే ఒక్క మేడ నీళ్లు రెట్టింపు పైన! వీధిలో వేసే 150 మిల్లీమీటర్ల పైపు, తక్కువ వాలు మీద సెకనుకు 0.6 మీటర్ల వేగంతో నిండుగా పారితే మోయగలిగేది పదీ పదిన్నర లీటర్లు. ఎనిమిది మేడలు చాలు దాన్ని గొంతు దాకా నింపడానికి. నెల్లూరులో ఏ వీధికైనా పోయి చూడండి, గోడ పక్కన పైపు దిగి ఇన్‌స్పెక్షన్ చాంబర్‌లోకి (ఇంటి మురుగు పైపులన్నీ కలిసే మూత గుంతలోకి) మలుపు తిరిగిన ఇళ్లు ఎనిమిదితో ఆగవు.

పైపు నిండాక నీళ్లు ఎక్కడికి పోవాలి? దొరికిన వాటిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న రంధ్రంలోంచి పైకి రావాలి. ఆ రంధ్రం ఎవరిదంటే కింది వాటాలో ఉండేవాళ్ల బాత్రూం ట్రాప్, కమోడ్. నీళ్లు వదిలేది ఒకరు, అనుభవించేది ఇంకొకరు. నాకు బాధ అనిపించేది అక్కడే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు ఒక పెద్దమ్మ ఫోన్ చేశారు. భర్తకు పక్షవాతం, మంచం మీదే ఉంటారు. కమోడ్‌లో గుడగుడ శబ్దం మొదలై, కాసేపటికి మురుగు హాల్లోకి వచ్చేసింది. "నాయనా, పెన్న కిందినుంచి పొంగుకొస్తా ఉందంట గదా, వాట్సాప్‌లో పెట్టినారు, ఇల్లు ఖాళీ చేయాల్నా" అని వణుకుతా అడిగారు. పెన్న కాదమ్మా, భయపడొద్దు, ఆయన్ని పక్క గదిలోకి మార్చండి, కరెంటు బోర్డుల దగ్గరికి నీళ్లు వస్తే మెయిన్ ఆపించండి అని చెప్పి, వాన కాస్త తెరిపిచ్చాక వెళ్లాను. ఆ ఇంటి చాంబర్ మూత తీస్తే పై రెండంతస్తుల మేడ నీళ్లు నాలుగంగుళాల పైపులోంచి నేరుగా అందులోకి పడుతున్నాయి. ఎదురింటిదీ అంతే. పెద్దమ్మ అంతసేపూ "మేమేం పాపం చేశాం" అంటున్నారు. వాళ్లు ఏ పాపమూ చేయలేదు. పై వాటా ఓనరును పిలిచి చూపిస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ప్లంబర్ ఇట్టనే పెట్టాలన్నాడు సార్, కింద వాళ్లకు ఇట్టా అవుతుందని నాకేం తెలుసు" అన్నారు. వానలు తగ్గాక పైపు మళ్లించుకున్నారు.

ప్లంబర్లను తిట్టి లాభం లేదు, వాళ్లు అలా కలపడానికీ కారణం ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి చాలా వీధుల్లో రోడ్డు ఇంటి ఆవరణ కంటే ఎత్తయింది. సైడ్ కాలువ కూడా దానితోపాటే పైకి పోయింది. ఆవరణలో నిలిచిన నీళ్లు కాలువలోకి ఎక్కవు, కళ్ల ముందు లోతుగా కనిపించేది చాంబర్ ఒక్కటే. కానీ మేడ నీళ్లది ఆ ఇబ్బంది కాదు. అవి పైనుంచే వస్తాయి కాబట్టి పైపును గోడ వెంట అడుగో రెండడుగులో ఎత్తులోనే మలిపి కాలువలోకి వదలొచ్చు. ఆవరణ నీళ్లకు ఒక మూల చిన్న సంపు, అందులో చిన్న మోటారు పెట్టుకుని కాలువలోకి తోడాలి. జాగా ఉంటే ఇంకుడు గుంత ఇంకా మంచిది, అయితే చెరువు కట్ట కింద, పెన్న ఒడ్డున ఉండే కాలనీల్లో నవంబరుకల్లా భూమిలో నీళ్లు పైకొచ్చేస్తాయి, గుంత ఇంకించుకోదు. అక్కడ గుంత నిండాక పొర్లే నీళ్లకు కాలువ దారి కూడా ఉంచుకోవాలి.

మీ ఇంట్లో ఎలా ఉందో తెలుసుకోవడం సులువు. ఎండగా ఉన్న రోజు మేడ మీద పైపు మూతి దగ్గర రెండు బకెట్ల నీళ్లు పోయించి, కింద మీ ఇన్‌స్పెక్షన్ చాంబర్ మూత తీసి పక్కన నిలబడి చూడండి. అందులో పడ్డాయంటే కలిసినట్టే. మొన్న సదస్సులో ఇదే పని ఊరి స్థాయిలో ఎలా చేస్తారో చూపించారు. మురుగు లైనులోకి హాని లేని పొగ ఊదుతారు, ఏ ఇంటి మేడ పైపులోంచి పొగ వస్తే ఆ ఇల్లు లైనులోకి వాన నీళ్లు వదులుతున్నట్టు. దాంతోపాటు ఒక గ్రాఫ్ వేశారు, పొడి రోజున మురుగు ప్రవాహం, వాన రోజున అదే లైనులో ప్రవాహం. వాన మొదలైన కాసేపటికే గీత నిటారుగా లేచింది. మనుషులు వాన పడగానే ఎక్కువ సార్లు స్నానం చేయరు కదా, ఆ పెరిగిందంతా మేడల నీళ్లు, రోడ్డు నీళ్లే.

కింది వాటా వాళ్లు చాలామంది నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టించమంటారు. పెట్టించుకోవచ్చు, వీధి మురుగు లోపలికి రాకుండా ఆపుతుంది. కానీ అది మూసుకున్నంతసేపు మీ నీళ్లూ బయటికి పోవు. పై అంతస్తుల వాళ్లు ఆ సమయంలో స్నానం చేస్తే ఆ నీళ్లు మీ బాత్రూంలోనే తేలతాయి. వాల్వ్ పెట్టినప్పుడు పైవాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

అపోహ: రోడ్డు మీద నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ మూత ఎత్తితే లాగేస్తుంది.

పై తప్పే ఇది, వీధి మొత్తానికి చేసిన తప్పు. కొంతసేపు లాగినట్టే కనిపిస్తుంది, ఆ నీళ్లు నాలుగు వీధుల అవతల పల్లంలో ఉన్న వాళ్ల ఇళ్లలో తేలతాయి. నీళ్లతోపాటు ఇసుక, కవర్లు, కొబ్బరి బోండాలు లోపలికి పోతాయి, ఎండా కాలంలో కూడా లైను జామ్ అవడానికి అదీ ఒక కారణం. పంపింగ్ స్టేషన్ మోటార్లు తట్టుకోలేవు. శుద్ధి కేంద్రంలో మురుగును తినే సూక్ష్మజీవులు వరదకు కొట్టుకుపోతే మళ్లీ అవి పెరిగి పని మొదలుపెట్టడానికి రోజులు పడుతుంది. వీటన్నిటికన్నా ఘోరం, మోకాటి లోతు బురద నీళ్లలో తెరిచిన మ్యాన్‌హోల్ ఎవరికీ కనిపించదు. స్కూలు పిల్లలు నడిచే దారి అది. మూత ఎత్తి ఉందని తెలిస్తే దాని పక్కన కొమ్మో కర్రో పాతి ఎర్రగుడ్డ కట్టి, మీ వార్డు ఆఫీసులో డ్రైనేజీ పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీకి వెంటనే చెప్పండి.

అపోహ: కాలువలు పెద్దవి కడితే ఊరు మునగదు.

సగం నిజం. కాలువ చివర నీళ్లు తీసుకునే చోటు ఖాళీగా ఉండాలి కదా. నెల్లూరు చెరువు నిండి కలుజు (మిగులు నీళ్లు పొర్లిపోయే దారి) పారుతున్నప్పుడు, పంట కాలువలు నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో కాలువ ఎంత వెడల్పున్నా నీళ్లు వెనక్కే తంతాయి. ఒంగోలులో పోతురాజు కాలువ పూడి ఉంటే పైన ఎన్ని కాలువలు కట్టినా అంతే. పూడిక తీయడం, ఆక్రమణలు తీయడం ముందు, వెడల్పు తర్వాత.

అపోహ: పెన్న మీద సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే యూజీడీలోంచి వరద వస్తుంది.

ఈ మెసేజ్ దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 2021 నవంబరులో పెన్నకు వచ్చింది నది వరద. పైన కడప జిల్లాలో కుండపోత, సోమశిల నుంచి భారీగా నీళ్లు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, హైవే కూడా దెబ్బతిన్నాయి. నది ఒడ్డున ఉన్న వాళ్లు అధికారులు చెప్పగానే కదలాల్సిందే. మీ బాత్రూంలో పొంగేది మాత్రం దాదాపు ఎప్పుడూ మీ వీధి మేడల నీళ్లే. పెద్దమ్మ లాంటి వాళ్లు ఇలాంటి మెసేజ్‌లు చూసి రోగిని మంచంతో సహా ఎక్కడికి మోసుకుపోవాలా అని రాత్రంతా టెన్షన్ పడుతున్నారు.

అపోహ: సెప్టిక్ ట్యాంకులోకి రెండు నిమిషాలు దిగి వస్తే ఏమీ కాదు, అగ్గిపుల్ల వెలిగించి చూస్తే గ్యాస్ ఉందో లేదో తెలుస్తుంది.

తెలియదు. మనిషిని చంపే మోతాదులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ఆ అగ్గిపుల్లే పేలుడు తెస్తుంది. కుళ్లు గుడ్ల వాసన రావడం లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవడం ఇంకా ప్రమాదం, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. మొదటి మనిషి పడిపోతే కాపాడటానికి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా పోతారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు లైన్లోకీ సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించడం, మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, దించిన ఇంటి యజమాని కూడా తప్పించుకోలేడు. ఇలాంటి చావులకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. ఆ డబ్బుతో ఏ తల్లికీ కొడుకు తిరిగి రాడు. పైనుంచి లాగే ట్యాంకర్ పిలిపించండి, 14420 హెల్ప్‌లైన్ ఉంది. "వాడికి అలవాటే సార్" అనే మాట నా ముందు ఎవరూ అనొద్దు.

అపోహ: సదస్సులంటే భోజనాలు, బ్యాగులు.

మావాళ్లు కూడా అడుగుతుంటారు, అక్కడికి పోయి ఏం తెస్తావని. మ్యాన్‌హోల్‌లోకి మనిషి బదులు దిగే రోబోను నేను మొదట చూసింది ఇలాంటి చోటే. కేరళ కుర్రాళ్లు 2018 నుంచి తిప్పుతున్న బాండికూట్ అది. లైను లోపల కెమెరా పంపి ఎక్కడ పగిలిందో చూడటం, పొగ పరీక్ష, అన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఒక్క లోటు చెప్పాలి. హాల్లో కూర్చున్న వాళ్లంతా ఇంజనీర్లు, కంపెనీల వాళ్లు. చాంబర్‌లో ఏ పైపు కలపాలో అసలు నిర్ణయించే ప్లంబరు, మేస్త్రి ఒక్కరూ లేరు. మన దగ్గర కావలిలోనో కందుకూరులోనో ఒక పూట వాళ్లను పిలిచి, పైన చెప్పిన మేడ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే సగం ఫోన్లు నాకు రావు. ఎవరైనా హాలు ఏర్పాటు చేస్తే నేను వచ్చి చెప్తాను, డబ్బులేం వద్దు. అంతవరకూ మీ ప్లంబర్‌ను మీరే పిలవండి. మేడ పైపు మళ్లించడం మామూలు ఇంటికి ఒక పూట పని, ఒక ఎల్బో, గోడ వెంట నాలుగంగుళాల పైపు, నాలుగు క్లాంపులు.