అవధాని ధారణ, హాస్టలు బట్టీ

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకు గురించి గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక తల్లి ఈమధ్య నన్ను ఒక ప్రశ్న అడిగారు. విజయవాడ శివారులోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆ అబ్బాయికి ఆగస్టులో వృత్తాకార చలనం మీద పెట్టిన వారాంతపు పరీక్షలో నూటికి 96 వచ్చాయి. ఇప్పుడు అదే పాఠంలోని అభికేంద్ర త్వరణం సూత్రం అడిగితే సగం నిర్వచనం గడగడా చెప్పి ఆగిపోయాడు. "మెటీరియల్లో కుడివైపు పేజీ, పైనుంచి మూడో బిట్టు" అని మాత్రం తడుముకోకుండా చెప్పాడు. చోటు గుర్తుంది, విషయం లేదు. "వాడి బుర్రకేమైనా అయిందా అండీ?" అన్నది ఆమె ప్రశ్న.

2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులకు కొన్ని గద్యభాగాలు ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలు చదువుతూనే పోయింది. మరో జట్టు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం చూడకుండా గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తరవాత అడిగితే చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం తరవాత ఆ అంకెలు 40, 61 అయ్యాయి. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం కనబరచినవారు మాత్రం చదువుతూ పోయినవారే.

ఈ ఫలితం చూసినప్పుడల్లా నాకు, ఎనిమిదిమంది పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవారు) అడిగేవాటిని ఒకే సభలో ఒక్కరే నడిపించే అష్టావధానం గుర్తుకొస్తుంది. అవధాని జ్ఞాపకశక్తిని మనం బట్టీకి పరాకాష్ఠగా చూస్తాం కానీ, అక్కడ జరిగేది బట్టీకి పూర్తిగా వ్యతిరేకమైన పని. సమస్యకు, అంటే పృచ్ఛకుడిచ్చిన పాదంతో పూరించాల్సిన పద్యానికి, మొదటి పాదం చెప్పి అవధాని దాన్ని అక్కడే వదిలేస్తాడు. ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపదికి వెళతాడు, వర్ణనకు వెళతాడు, మధ్యలో వ్యస్తాక్షరి పృచ్ఛకుడు "పదకొండో అక్షరం 'రా'" అని ఒక అక్షరం విసిరిపోతాడు, అప్రస్తుత ప్రసంగి అల్లుడి గురించో ఆవకాయ గురించో అడిగి నవ్విస్తాడు, ఆ తరవాత గానీ రెండో పాదం వంతు రాదు. అప్పటికి కాస్త మసకబారిన మొదటి పాదాన్ని అవధాని కష్టపడి పైకి తెచ్చుకోవాలి, ఆ కష్టమే జ్ఞాపకానికి బలం. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పేసరికి ఒక్కొక్క పాదాన్నీ ఎన్నోసార్లు మరుపు అంచు నుంచి వెనక్కి లాగి ఉంటాడు. పైగా ఆయనకు ప్రాస తోడుంది: మొదటి పాదంలో రెండో అక్షరం గుర్తుంటే మిగిలిన మూడు పాదాల తలుపులకూ తాళంచెవి దొరికినట్టే.

భౌతికశాస్త్రానికీ అలాంటి ప్రాస ఉంది. వేగం సెకనుకు మీటర్లలో, వ్యాసార్థం మీటర్లలో ఉన్నప్పుడు, ఈ రెండింటితోనే త్వరణం కట్టాలంటే వేగవర్గాన్ని వ్యాసార్థంతో భాగించడం తప్ప వేరే దారి లేదు. ఇంకెలా కలిపినా ప్రమాణాలు కుదరవు. ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆ అబ్బాయి సూత్రాన్ని తనే తిరిగి కట్టుకునేవాడు. బిట్ల పుస్తకంలో దానికి చోటుండదు.

మా పిల్లలకు రోజూ స్లిప్ టెస్టు ఉంది కదా, అదీ గుర్తు తెచ్చుకోవడమే కదా అని కాలేజీలవారు అంటారు. నిజమే, కానీ రాత్రి స్టడీ అవర్‌లో వల్లెవేసినది పొద్దున్నే రాయిస్తే మరుపుకు వ్యవధి ఎక్కడిది? ఆ పరీక్ష ఎక్కువగా కొలిచేది పై ప్రయోగంలోని 5 నిమిషాల ఫలితాన్ని, అంటే బట్టీ గెలిచే చోటును. ఆ మార్కులతోనే సెక్షన్లు మారుస్తారు కనుక, వారానికే కరిగిపోయే చదువుకు బహుమతి దక్కుతోంది.

ఇక నిద్ర. పగలు నేర్చుకున్నది మొదట మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం మీద ఆధారపడి ఉంటుంది. గాఢనిద్రలో అక్కడి నాడీకణాలు పగటి క్రమాన్నే, అనేక రెట్లు వేగంగా, మళ్లీ మోగిస్తాయి. ఆ మోతతో పాటు వచ్చే క్షణిక తరంగాలు మస్తిష్క వల్కలపు (మెదడు పైపొర) నెమ్మది తరంగాలతోనూ, సెకనుకు 11 నుంచి 16 సార్లు కంపించే నిద్రా కదుళ్లు (స్లీప్ స్పిండిల్స్) అనే తరంగాలతోనూ జత కుదిరినప్పుడు జ్ఞాపకం క్రమంగా వల్కలంలో స్థిరపడుతుంది. పగలు కలిసి మోగిన ఎలుక కణాలు నిద్రలోనూ కలిసి మోగుతాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లోనే చూపారు. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల అకాడమీ చెబుతోంది. రాత్రి 11కి దీపాలార్పి 5కి గంట కొట్టే హాస్టల్లో దక్కేది 6. పెందలాడే పడుకోమనడమూ తేలిక కాదు, ఆ వయసులో నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోను విడుదలే ఆలస్యమవుతుంది.

మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద సరస్వతీ అలంకారంలోని దుర్గమ్మ దర్శనానికి వచ్చే పిల్లలను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పెన్ను అమ్మవారి దగ్గర పెడితే నష్టమేమీ లేదు, గుండెదడ కాస్త తగ్గినా లాభమే. ఆ దడ చిన్న విషయం కాదు. 1998లో ద కెర్వెన్ బృందం, నీటితొట్టిలో దారి నేర్చిన ఎలుకలకు పరీక్షకు ముందు విద్యుత్ షాక్ ఇచ్చి చూసింది. 30 నిమిషాల ముందు షాక్ తిన్నవి దారి గుర్తు తెచ్చుకోలేక తిరిగాయి, 4 గంటల ముందు తిన్నవి మామూలుగానే ఈదాయి. ఆ అరగంటలో పెరిగిన ఒత్తిడి హార్మోను జ్ఞాపకాన్ని చెరిపెయ్యదు, దాన్ని చేరే దారిని మూస్తుంది.

కాబట్టి బుర్రకేమీ కాలేదని ఆ తల్లికి చెప్పాను. పొద్దున తొమ్మిదైనా లేవడం లేదని ఆమె ఇంకో ఫిర్యాదు చేశారు. లేపవద్దన్నాను.