గాదెలో ఏముంది?

చిన్నికీ, మిగిలిన పిల్లలందరికీ ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్ని అడిగింది: "తాతయ్యా, కూరగాయలు బాగా తినమంటారు కదా. రోజూ బంగాళాదుంప వేపుడు తింటూనే ఉన్నాను. అయినా అమ్మ ఎందుకు కోప్పడుతోంది?" గాలిపటాల సందడిలో ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

మా చిన్నప్పుడు ఇంట్లో గాదె ఉండేది. తడిక అల్లి, మట్టీ పేడా మెత్తి, ఏడాదికి సరిపడా ధాన్యం అందులో పోసేవాళ్లు. మొక్కలకూ గాదెలున్నాయి. ఆకు ఎండలో చక్కెర తయారుచేస్తుంది. ఖర్చుపోగా మిగిలినదాన్ని కొన్ని మొక్కలు పిండిగా మార్చి, మళ్లీ మొలకెత్తే రోజు కోసం మట్టి కింద దాచుకుంటాయి. బంగాళాదుంప, చేమ, కంద అలాంటి గాదెలే. సొరకాయ మాత్రం నీళ్ల కుండ. వంద గ్రాముల సొరకాయలో పిండిపదార్థాలు 3, 4 గ్రాములకు మించవు. బంగాళాదుంపలో సుమారు 17, వండిన అన్నంలో 28 ఉంటాయి. అన్నంలో దుంప వేపుడు కలుపుకుంటే గాదెలోకి మరో గాదె ఒంపినట్టే కదా!

గాదెకు తడిక కూడా ఉంటుంది. అదే పీచు. అదీ చక్కెర అణువుల అల్లికే, కానీ ఆ ముడి మన పొట్ట విప్పలేదు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు విప్పగలవు, అందుకే దానికి గడ్డి అన్నమైంది. మనకు అరగకపోయినా పీచు పేగులకు మేలు చేస్తుంది. చిక్కుడు, బెండ, తోటకూరల్లో అది బాగా దొరుకుతుంది.

దుంపల మీద నాకు కోపం లేదు. మా నాయనమ్మ రాత్రి పొయ్యి బూడిదలో చిలగడదుంపలు పూడ్చిపెట్టేది. పొద్దున్నే తీస్తే తేనెలా ఉండేవి. ఆ పూట మాకు చద్దన్నం పెట్టేది కాదు. "దుంపే అన్నం" అనేది. చిన్నీ, అమ్మ చెప్పేదీ అదే. దుంప కూర వండిన రోజు అన్నం కొంచెం తగ్గించి, పప్పూ ఆకుకూరా ఎక్కువ వేసుకో. వడ్డించినది పారేయకు.

సన్నని సెగకు చిలగడదుంపలోని పిండి కొంత తనంతట తానే చక్కెరగా మారుతుందని పెద్దయ్యాక చదివాను. మట్టిలోంచి పెరికేసిన దుంపకు ఇంకా అంత పనితనం మిగిలి ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆదివారం అమ్మను పక్కన ఉంచుకుని ఒక బంగాళాదుంప ముక్క, ఒక సొరకాయ ముక్క కోయండి. దెబ్బలకు రాసే అయోడిన్ మందు ఒక్కో చుక్క వేయండి. పిండి తగిలితే అది నల్లబడుతుంది. ఆ ముక్కలు తినకూడదు. ఏది నల్లబడిందో, ఎంతసేపటికి నల్లబడిందో నాకు రాయండి.

మీ తాతయ్య