ఉప్పు తినని ఊళ్ళలో బీపీ ఎంత?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న నానమ్మ బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటే, "పెద్దవాళ్ళయితే అందరికీ బీపీ వస్తుందా తాతయ్యా?" అని అడిగారు. తీరికగా చెప్పవలసిన సంగతి గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అందరికీ రాదు. అమెజాన్ అడవుల్లో నివసించే యానోమామి ప్రజలకు వంటలో ఉప్పు వేసే అలవాటు లేదు. అరటికాయలు, కర్రపెండలం, వేటలో దొరికినవి వారి ఆహారం. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాల్లోని 52 చోట్ల, పదివేల మందికి పైగా పరీక్షించారు. రోజుకు ఎంత ఉప్పు తింటావని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు కాబట్టి, ఒక్కొక్కరి చేత ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని సీసాలో పట్టించి, అందులోని సోడియాన్ని, పొటాషియాన్ని కొలిచారు. తిన్న ఉప్పులో అధికభాగం చివరకు చేరేది అక్కడికే. యానోమామి వారిలో సోడియం దాదాపు లేదనే చెప్పాలి. వారి సగటు రక్తపోటు 96/61 దగ్గర ఉంది, వయసు పైబడినా పెరగలేదు. ఉత్తర చైనాలోని తియాంజిన్‌లో మాత్రం రోజుకు సుమారు 14 గ్రాముల ఉప్పుకు సరిపడా సోడియం కనిపించింది.

సోడియం ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పళ్ళలో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే పొటాషియం ఆ సోడియాన్ని మూత్రపిండాల ద్వారా బయటికి పంపడానికి తోడ్పడుతుంది. అందుకే ఒక్క ఉప్పునే కాక, రెండింటి పొత్తును చూడాలని నా అభిప్రాయం.

అయితే యానోమామి వారు సన్నగా ఉంటారు, రోజంతా కాయకష్టం చేస్తారు. కాబట్టి జనాలను పక్కపక్కన పెట్టి పోల్చినంత మాత్రాన ఘనతంతా ఉప్పు లేకపోవడానికే కట్టబెట్టడం న్యాయం కాదు. ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది చైనా పల్లెల్లో జరిగి 2021లో వెలువడిన పరీక్ష. 600 గ్రామాల్లో, అంతకుముందే పక్షవాతం వచ్చినవారిని, అరవై దాటి బీపీ ఉన్నవారిని దాదాపు 21,000 మందిని ఎంచుకుని, సగం గ్రామాలవారికి మామూలు ఉప్పుకు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. సుమారు ఐదేళ్ళలో వారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది.

మరి మన ఇంట్లో ఆ ఉప్పు ఎందుకు కొనలేదని అడుగుతారేమో. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారి ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండెకే ప్రమాదం తెస్తుంది. నానమ్మకు వద్దని డాక్టరుగారు చెప్పారు. అందుకే మామూలు ఉప్పునే తగ్గించి, పెరుగన్నంలోకి ఉప్పు డబ్బా తీసుకురావడం మానేశాం.

ఇట్లు,
మీ తాతయ్య