విమానాల హోరుకు మట్టిగట్లు

ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న స్కిపోల్ విమానాశ్రయం ఒకప్పటి సరస్సు అడుగున ఉంది. హార్లెమ్మర్‌మేర్ సరస్సు నీటిని 1852 నాటికి తోడేయగా బయటపడ్డ నేల అది. సముద్రమట్టానికి సుమారు 4 మీటర్ల దిగువన, బల్లపరుపుగా ఉంటుంది. తంటా అంతా ఆ చదునుతోనే వచ్చింది.

నగరం మీద మోత తగ్గించాలని 2003లో పోల్డర్‌బాన్ అనే రన్‌వేను టెర్మినల్‌కు బాగా దూరంగా వేశారు. దీని మీద నుంచి విమానాలు ఉత్తరం దిక్కుకే లేస్తాయి. అంటే పరుగందుకునేటప్పుడు ఇంజిన్ల వెనుకవైపు దక్షిణాన ఉన్న హోఫ్‌డోర్ప్ అనే ఊరికి ఎదురుగా ఉంటుంది. మధ్యలో అన్నీ పొలాలే, అడ్డేమీ లేదు. హోరు నేల వెంట పాకుతూ ఇళ్లలోకి వచ్చేది.

పెద్ద గోడ కట్టేస్తే పోదా? పోదు. ఆ హోరులో మంద్రధ్వని ఎక్కువ. సుమారు 30 హెర్ట్జ్, అంటే సెకనుకు 30 సార్లు కంపించే ధ్వని తరంగం పొడవు 11 మీటర్ల పైమాటే. అంత పొడవైన తరంగం మామూలు గోడ మీదుగా వంగి అవతలికి దిగిపోతుంది.

కొలతలోనూ ఒక చిక్కుంది. మన చెవికి మంద్రధ్వని తక్కువగా వినిపిస్తుంది కాబట్టి, విమానాల శబ్దాన్ని లెక్కగట్టడానికి ఎక్కువగా వాడే 'ఎ-వెయిటింగ్' పద్ధతి 31.5 హెర్ట్జ్ దగ్గర దాదాపు 39 డెసిబెల్స్ తీసేస్తుంది. చెవి వరకు అది న్యాయమే. కిటికీ అద్దం మాత్రం ఆ లెక్క చూసుకుని అదరదు కదా! మీటరు ఊరుకుందని ఊరివాళ్ల ఫిర్యాదును కొట్టిపారేయడం తొందరపాటు.

స్కిపోల్‌లో దారి చూపింది కూడా ఆ ఊరివాళ్లు గమనించిన విషయమే. శరదృతువులో రైతులు పొలాలు దున్నాక హోరు తగ్గుతోందన్నారు. పరిశోధకులు చూస్తే నిజమే. దుక్కిలోని ఎగుడుదిగుళ్లు నేల వెంట వచ్చే తరంగాలను చెదరగొడుతున్నాయి. దాన్నే పెద్ద ఎత్తున చేసి, 2013లో బాయ్‌టెన్‌స్కోట్ పార్కు తెరిచారు. కళాకారుడు పాల్ డ కోర్ట్ రూపకల్పనలో సుమారు 150 మట్టిగట్లు, దాదాపు మనిషెత్తున, వరసలుగా లేచాయి. గట్టుకూ గట్టుకూ మధ్య ఎడం సుమారు 11 మీటర్లు, అంటే ఆ తరంగం పొడవే. కంపించే పలక మీద ఇసుక ముగ్గులు కట్టి చూపిన జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ క్లాడ్నీ ప్రయోగాలూ ఆయనకు స్ఫూర్తి. ఇప్పుడక్కడ జనం సైకిళ్లు తొక్కుతారు.

తల మీదుగా పోయే విమానానికి ఈ గట్లు ఏమీ చేయలేవు. దానికి చప్పుడు తక్కువ చేసే ఇంజిన్లు, మెట్లుమెట్లుగా కాక ఏకబిగిన దిగడం, రాత్రి రాకపోకలపై పరిమితి కావాలి. లండన్ హీత్రోలో పడమటి గాలి వీచే రోజుల్లో, విమానాలు దిగే రన్‌వేను మధ్యాహ్నం 3 గంటలకు మారుస్తారు. మొత్తం శబ్దం తగ్గదు గానీ, రెండు పక్కల వాళ్లకీ చెరో పూట తెరిపి దొరుకుతుంది. ఏ వారం ఏ పూటో ముందే ప్రకటిస్తారు కూడా. నా లెక్కలో ఆ ప్రకటన కొన్ని డెసిబెల్స్ తగ్గింపుతో సమానం.